‘ష్... అలా అనకూడదు’ అంటే పిల్లలకి ఏం అర్థమవుతుంది?

అందరికీ నమస్కారం. సెలవు రోజున పనులన్నీ పక్కనపెట్టి వచ్చారు, చాలా సంతోషం. ముందు వరసలో ప్రీస్కూల్ టీచర్లున్నారు, వెనక చంటిపిల్లల్ని ఎత్తుకున్న అమ్మానాన్నలున్నారు, అక్కడక్కడా నానమ్మలూ తాతయ్యలూ కూడా కనిపిస్తున్నారు. పెద్దవాళ్లు రావడం నాకు మరీ బాగుంది, ఎందుకంటే అమ్మానాన్నలు పనిలో ఉన్నప్పుడు పిల్లలు ప్రశ్నలు పట్టుకుని పరిగెత్తేది వాళ్ల దగ్గరికే. మధ్యలో పిల్లలు ఏడిస్తే కంగారుపడకండి, బయటికి తీసుకెళ్లక్కర్లేదు.

మనకంటే వేరుగా ఉండేవాళ్లని చూసి బెదరకుండా, వెక్కిరించకుండా, తమలో ఒకరిగా కలుపుకునేలా చిన్నపిల్లల్ని ఎలా పెంచాలి అన్నదే ఇవాళ్టి విషయం. ఈ మాట ఎత్తగానే చాలామంది అనేది ఒకటే. "చిన్నపిల్లలకి ఈ తేడాలేం తెలుస్తాయండీ, వాళ్ల మనసులో ఏమీ ఉండదు, లేనిపోనివి మనమే ఎందుకు ఎక్కించడం?" అని. ప్రేమతో అనే మాటే, కానీ నిజం కాదు.

పిల్లలు చూస్తారు. మాటలు రాకముందే చూస్తారు. 2005లో బ్రిటన్‌లో ఒక పరిశోధన వచ్చింది. పుట్టి కొద్దిరోజులైన బిడ్డలకీ, మూడు నెలల బిడ్డలకీ వేర్వేరు జాతుల మనుషుల ముఖాలు జతగా చూపించి, చూపు దేని మీద ఎక్కువసేపు నిలుస్తుందో గమనించారు. అప్పుడే పుట్టినవాళ్లలో ఏ తేడా లేదు. మూడు నెలలవాళ్లు మాత్రం తమ ఇంట్లోవాళ్లని పోలిన ముఖాల్నే ఎక్కువసేపు చూశారు. మరుసటి ఏడాది వచ్చిన ఇంకో పరిశోధన నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. ఇథియోపియా నుంచి ఇజ్రాయెల్‌కి వచ్చిన కుటుంబాల పిల్లలు, అంటే పుట్టినప్పటి నుంచి రెండు రకాల ముఖాల మధ్య పెరుగుతున్న బిడ్డలు, రెండింటినీ ఒకేలా చూశారు. మూడు నెలల బిడ్డ మనసులో ద్వేషం ఉండదు కదా, అది అలవాటు. ఏది కళ్ల ముందుంటే అది అలవాటవుతుంది. తేడా కనిపించడంలో తప్పు లేదు, దానికి ఏ అర్థం చెప్పుకోవాలన్నది మాత్రం వాళ్లకి తెలియదు, ఆ అర్థం కోసం వెంటనే మన మొహం వైపు చూస్తారు. ఆ ఒక్క క్షణం గురించే నేను ఇవాళ ఎక్కువ మాట్లాడతాను.

ఆస్పత్రి వెయిటింగ్ హాల్లో నా కళ్ల ముందు జరిగింది చెప్తాను. నాలుగేళ్లు ఉంటాయేమో ఒక పాపకి, అమ్మ పక్కన కూర్చుని కాళ్లు ఊపుకుంటోంది. ఎదురుగా ఒకావిడ, చేతుల నిండా తెల్లమచ్చలు, బొల్లి. పాప చూసింది, మళ్లీ చూసింది, వేలు చూపించి గట్టిగా, "అమ్మా, ఆ ఆంటీ చేతులు అలా ఉన్నాయేంటి?" అంది. వాళ్లమ్మ మొహం మాడిపోయింది. పాప వేలు పట్టుకుని కిందికి లాగి, "ష్... అలా అనకూడదు, నోర్మూసుకో" అని చెవిలో అని, పాపని తన అవతలి వైపుకి మార్చి కూర్చోబెట్టింది. ఎదురుగా ఉన్న ఆవిడ తన చేతుల్ని మెల్లగా ఒళ్లో బ్యాగు కిందికి జరుపుకుంది. పాప అమ్మ భుజం చాటు నుంచి ఇంకా అటే చూస్తోంది, కానీ ఈసారి చూపులో కుతూహలం లేదు, భయం ఉంది.

ఆ అమ్మ చెడ్డది కాదు. ఎదుటి మనిషి నొచ్చుకుంటుందని కంగారుపడింది, అంతే, మనలో చాలామందిమి అదే చేస్తాం. కానీ పాప వైపు నుంచి ఆలోచించండి. తను ఒక మామూలు ప్రశ్న అడిగింది. అమ్మ భయపడింది, గొంతు తగ్గించింది, తనని దూరంగా జరిపింది. అంటే ఆ చేతుల్లో ఏదో చెడు ఉంది, వాటి గురించి మాట్లాడటమే తప్పు, దగ్గరికి వెళ్తే ఏదో అవుతుంది. ఇవేవీ అమ్మ అనలేదు, పాప మాత్రం ఇవన్నీ విన్నది.

మరి ఏమనాలి? పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. "అవి తెల్లమచ్చలు కన్నా. మన చర్మానికి రంగునిచ్చే కణాలు కొంతమందికి అక్కడక్కడా పోతాయి, అప్పుడు అక్కడ తెల్లగా అవుతుంది. నొప్పి ఉండదు, ముట్టుకుంటే అంటుకోవు." అంతే, అదీ మామూలు గొంతుతో, ఆవిడకి వినిపించినా ఫర్వాలేదన్నట్టు. చిన్నపిల్లల ప్రశ్నలు ఎన్ని రకాలుగా వచ్చినా లోపల ఉండేవి దాదాపు మూడే. వాళ్లకి నొప్పిగా ఉందా, నాకు కూడా అలా అవుతుందా, వాళ్లు నాతో ఆడతారా. ఈ మూడింటికి నిజమైన జవాబు దొరికితే నాలుగేళ్ల పిల్లకి ఆ విషయం తీరిపోతుంది, వెంటనే ఇంకో దాని మీదకి వెళ్లిపోతుంది. జవాబు దొరకకపోతే తనే ఒకటి కల్పించుకుంటుంది, పిల్లలు కల్పించుకునే జవాబులు మనం చెప్పే నిజం కంటే ఎప్పుడూ భయంకరంగానే ఉంటాయి.

జవాబు తెలియకపోతే తెలియదని చెప్పండి, ఇంటికెళ్లాక తెలుసుకుందాం అనండి, మర్చిపోకుండా తెలుసుకోండి కూడా. ఇంకో జాగ్రత్త, ఎదుటి మనిషిని పాఠంగా వాడుకోవద్దు. "వెళ్లి ఆంటీని అడుగు" అని తోసేవాళ్లున్నారు. రోజూ బస్సులో, లిఫ్టులో, క్యూలో తన ఒంటి గురించి కొత్తవాళ్లకి వివరణ ఇచ్చుకునే బాధ్యత ఎవరికీ లేదు. వాళ్లంతట వాళ్లు మాట్లాడితే సంతోషం, లేకపోతే నవ్వి ఒక నమస్కారం పెట్టడం చాలు.

నత్తి గురించీ చెప్పాలి, ఎందుకంటే ఇది ప్రతి తరగతిలో వస్తుంది. చిన్నపిల్లల్లో సుమారు నూటికి ఐదుగురికి ఏదో ఒక వయసులో నత్తి కనిపిస్తుంది, వాళ్లలో ఎక్కువమందికి అది తగ్గిపోతుంది. నత్తి ఉన్న పిల్లవాడు "నా... నా... నాకు" అంటూ ఉండగానే పక్కవాడు వాక్యం పూర్తి చేసేస్తాడు, కొంతమంది నవ్వుతారు, టీచర్ జాలితో "సరేలే కూర్చో" అంటారు. మూడూ వాడి నోరు మూయించేవే. పిల్లలకి నేర్పాల్సింది చిన్న పని, వాడి మాట వాడే పూర్తి చేసేదాకా ఆగడం. అలాగే చక్రాల కుర్చీని అడగకుండా తోయకూడదు, అది వాళ్ల కాళ్ల లెక్క. కళ్లు కనిపించనివాళ్ల కర్ర లాక్కోకూడదు. చెవి మెషీన్ పెట్టుకున్న అమ్మాయితో అరవక్కర్లేదు, మొహం కనిపించేలా ఎదురుగా నిలబడి మాట్లాడితే చాలు. మూడేళ్ల పిల్లలు కూడా ఇవి ఇట్టే పట్టేస్తారు, ఎందుకంటే ఇవి చేసే పనులు. "అందరినీ గౌరవించాలి" అని వందసార్లు చెప్తే వాళ్లకి ఏం చేయాలో ఒక్కటీ అర్థం కాదు.

కొన్నిచోట్ల పిల్లల కళ్లకి గంతలు కట్టి నడిపించి "చూశావా, కళ్లు లేకపోతే ఎంత కష్టమో" అంటారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. ఐదు నిమిషాలు చీకట్లో తడబడిన పిల్లకి మిగిలేది భయం, జాలి. చూపు లేని మనిషికి కర్రతో దారి పట్టుకోవడం వచ్చు, బ్రెయిలీ చదవడం వచ్చు, ఫోన్ చెప్పేది విని పని చేసుకోవడం వచ్చు, అవేవీ ఆ ఐదు నిమిషాల్లో కనిపించవు. దాని బదులు బ్రెయిలీలో పిల్లల పేర్లు రాసి వేళ్లతో తడిమి చూడమనండి, ఎంత ఇష్టంగా చేస్తారో. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సుమారు 130 కోట్ల మందికి, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరికి, చెప్పుకోదగ్గ వైకల్యం ఏదో ఒకటి ఉంది. ఆరుగురిలో ఒకరుగా ఉన్నవాళ్లని అరుదైనవాళ్లలా, జాలిపడాల్సినవాళ్లలా పిల్లలకి పరిచయం చేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఇప్పుడు మన సంగతి. 2017లో అమెరికాలోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ వాళ్లు నాలుగైదేళ్ల పిల్లలకి ఒక వీడియో చూపించారు. అందులో ఒకావిడ ఇద్దరితో మాట్లాడుతుంది. ఇద్దరితోనూ అవే మాటలు. ఒకరితో నవ్వుతూ, ముందుకు వంగి మాట్లాడింది, ఇంకొకరితో మొహం ముడుచుకుని, వెనక్కి జరిగి మాట్లాడింది. తర్వాత ఎవరు నచ్చారని అడిగితే ఎక్కువమంది పిల్లలు నవ్వు దక్కిన మనిషినే చూపించారు. అంతటితో ఆగలేదు, ఆ ఇద్దరి స్నేహితుల్ని చూపిస్తే అక్కడా అదే వరస. ఆ రెండో మనిషిలో ఏం తప్పు ఉందో ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు. ఇంట్లో పని చేసే మనిషికి గ్లాసు ఎలా అందిస్తాం, గేటు దగ్గర వాచ్‌మన్‌తో ఏ గొంతుతో మాట్లాడతాం, వేరే మతం బట్టల్లో ఉన్న కుటుంబం లిఫ్టులోకి వస్తే మన భుజాలు ఎటు తిరుగుతాయి, పిల్లలు అన్నీ చూస్తారు. మనం నేర్పుతున్నామని మనకే తెలియని క్లాసు అది, రోజంతా నడుస్తూనే ఉంటుంది.

తర్వాత మన నోటి మాట. "గుడ్డివాడివా, కనిపించట్లేదా?", "చెవుడా నీకు?", "ఆడపిల్లలా ఏడుస్తావేంటి", "ఎండలో తిరగకు, నల్లబడితే ఎవరు చూస్తారు నిన్ను". ఇవి కోపంలోనో ముద్దులోనో వచ్చేస్తాయి, పెద్ద ఉద్దేశం ఏమీ ఉండదు. చెవిటివాని ముందు శంఖం ఊదినట్టు అని ఎంత సులువుగా అనేస్తాం! కానీ ఇంట్లో తిట్టుగా విన్న మాటే రేపు క్లాసులో చెవి మెషీన్ పెట్టుకున్న అమ్మాయి మీద పడుతుంది. మనకి అది తిట్టు, ఆ అమ్మాయికి అది తన ఒళ్లు.

ఇంకా చాపకింద నీరులా పాకే మాట ఇంకొకటుంది, "వాళ్లంతా అంతే". ఎవరు వాళ్లు అన్న ఖాళీలో ఒక ప్రాంతాన్ని పెట్టుకోవచ్చు, ఒక కులాన్ని, ఒక మతాన్ని, ఒక భాషని పెట్టుకోవచ్చు. 2012లో మార్జొరీ రోడ్స్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఒక ప్రయోగం చేశారు. జార్పీలు అని లేని మనుషుల్ని కల్పించి, బొమ్మల పుస్తకం చేశారు. అందులో అన్ని రంగులవాళ్లూ, ఆడా మగా, చిన్నా పెద్దా ఉన్నారు. కొంతమందికి "ఈ జార్పీకి ఫలానా పురుగంటే భయం" అని ఒక్కరి గురించి చెప్పినట్టు చదివారు, కొంతమందికి "జార్పీలకి ఫలానా పురుగంటే భయం" అని గుంపు గురించి చెప్పినట్టు చదివారు. గుంపుగా విన్న నాలుగేళ్ల పిల్లలు, పెద్దవాళ్లు కూడా, జార్పీలు పుట్టుకతోనే వేరే రకం అని నమ్మడం మొదలుపెట్టారు. గమనించండి, ఆ వాక్యంలో చెడు ఏమీ లేదు. మంచి చెప్పినా ఇదే ఇబ్బంది, "ఆ ఊరివాళ్లు లెక్కల్లో గట్టివాళ్లు" అన్నా సరే. అందుకే పిల్లల ముందు మనుషుల పేర్లతో మాట్లాడండి. "మీ ఫ్రెండ్‌కి పాటలంటే ఇష్టం" అనండి, వాళ్ల జనానికంతటికీ అంటగట్టకండి.

టీచర్లూ, ఇది మీకు. రెబెకా బిగ్లర్, మీగన్ ప్యాటర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ప్రచురించిన పని ఉంది. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకి కొందరికి ఎర్ర టీషర్టు, కొందరికి నీలం టీషర్టు ఇచ్చి మూడు వారాలు వేయించారు. కొన్ని గదుల్లో టీచర్లు రంగు గురించి అసలు ఎత్తలేదు. కొన్నిట్లో "ఎర్రవాళ్లు లైన్లో రండి, నీలంవాళ్లు ఇటు కూర్చోండి" అన్నారు, అంతే, ఏ రంగు గొప్పదో ఎవరూ చెప్పలేదు. తన రంగువాళ్లే మంచివాళ్లన్న పక్షపాతం ఆ రెండో రకం గదుల్లో ఎక్కువగా కనిపించింది. రోజూ మనం "బాయ్స్ ఇటు, గర్ల్స్ అటు" అంటూనే ఉంటాం. ఎందుకు? లైను కట్టించడానికి వేరే దారి లేకనా? పుట్టిన నెలని బట్టి కట్టించండి, ఇవాళ జేబు ఉన్న బట్టలు వేసుకున్నవాళ్లు ముందు అనండి, రోజుకొకటి మార్చండి. గుంపు స్థిరంగా ఉంటేనే గోడవుతుంది.

సరే, అన్ని రకాల పిల్లల్నీ ఒకే గదిలో కూర్చోబెడితే చాలదా అంటారు. చాలదు. గార్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే ఈ విషయం వివరంగా రాశాడు. పక్కపక్కన ఉన్నంత మాత్రాన అపోహలు పోవు, ఇద్దరికీ సమానమైన చోటు ఉండాలి, ఇద్దరూ కలిసి సాధించాల్సిన పని ఉండాలి, దానికి పెద్దల అండ ఉండాలి అని. దీన్ని క్లాసులో చేసి చూపించినవాడు ఎలియట్ అరాన్సన్ అనే ఇంకో మనస్తత్వ శాస్త్రవేత్త. 1971, అమెరికాలో ఆస్టిన్ నగరం. నల్లవాళ్ల పిల్లలు, తెల్లవాళ్ల పిల్లలు, మెక్సికో మూలాలున్న పిల్లలు అప్పుడప్పుడే ఒకే స్కూళ్లకి వస్తున్నారు, క్లాసుల్లో ఒకటే గొడవలు. ఆయన పిల్లల్ని కలగలిపి చిన్న జట్లు చేశాడు. పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చాడు. పరీక్ష మాత్రం మొత్తం పాఠం మీద. అంటే పక్కవాడి ముక్క వాడి నోటి నుంచి వినాల్సిందే, వేరే దారి లేదు. ఇంగ్లీషు సరిగా రాక తడబడే పిల్లవాణ్ని మొదట్లో ఎగతాళి చేసినవాళ్లే, ఇలా అయితే పరీక్షలో మనమే పోతామని అర్థమయ్యాక, ఓపిగ్గా ప్రశ్నలు అడిగి వాడి చేత చెప్పించడం నేర్చుకున్నారు. అలా అడిగించుకుంటూ వాడికీ ధైర్యం వచ్చింది, వాడికి ఇంత తెలుసా అని వీళ్లకీ తెలిసింది. జాలి పుట్టించే కథలు చదివి వినిపించే బదులు, ఒకరి సాయం లేకుండా ఇంకొకరికి పూర్తికాని పని ఇవ్వండి అంటాను నేను. ప్రీస్కూల్లో అయితే పెద్ద పజిల్ చాలు, ముక్కలు అందరికీ పంచేయండి.

ఇప్పటిదాకా మన పిల్లలు ఇంకొకరిని ఒప్పుకోవడం గురించే మాట్లాడాను. ఆ ఇంకొకరు మన పిల్లే కావచ్చు. 1940ల్లో అమెరికాలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తల దంపతులు నల్లజాతి పిల్లల ముందు రంగు తప్ప అన్నీ ఒకేలా ఉన్న బొమ్మలు పెట్టి, ఏది మంచిది, ఏది చెడ్డది అని అడిగారు. మూడు నుంచి ఏడేళ్ల పిల్లలు. ఎక్కువమంది తెల్ల బొమ్మ మంచిదన్నారు. ఆ తర్వాత "నీలా ఉండేది ఏది?" అని అడిగితే కొందరు పిల్లలు తట్టుకోలేకపోయారు. ఆ ప్రశ్న దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. 1954లో అమెరికా సుప్రీంకోర్టు స్కూళ్లలో జాతుల వేర్పాటు చెల్లదని తీర్పు ఇచ్చినప్పుడు క్లార్క్ పనిని ప్రస్తావించింది. వెక్కిరింపు పడే పిల్లకి ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, గాలిలో ఉన్నది పీల్చుకుంటుంది, తన గురించి అదే నిజమని తనే నమ్మేస్తుంది. అందుకే కథల పుస్తకాలు కొనేటప్పుడు చూడండి. చక్రాల కుర్చీలో ఉన్న అమ్మాయి అందులో అందరికీ స్ఫూర్తినిచ్చే దేవతలా కాకుండా, తప్పిపోయిన పిల్లిని వెతుకుతూ అల్లరి చేసే మామూలు పిల్లలా ఉందా అని. అలాంటి పుస్తకం దొరికితే వదలకండి.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(సభలో ఒక అమ్మ) మా పాప క్లాసులో ఒక బాబుకి ఆటిజం ఉందండి. ఉన్నట్టుండి అరుస్తాడు, ఒకసారి తోసేశాడు. పాపకి భయం. భయపడకూడదు, వాడితో ఆడుకో అని ఎలా చెప్పను?

అలా చెప్పకండి అమ్మా. తోస్తే దెబ్బ తగులుతుంది, భయం వేస్తుంది, అది నిజం, దాన్ని కాదంటే పాప రేపటి నుంచి మీకు చెప్పడం మానేస్తుంది. ముందు "భయం వేసింది కదా" అనండి. తర్వాత చెప్పండి, కొంతమంది పిల్లలకి మామూలు చప్పుడు కూడా చెవిలో గోల పెట్టినట్టు ఉంటుంది, బెల్లు మోగినా, అందరూ ఒకేసారి మాట్లాడినా తట్టుకోలేరు, అది చెప్పడానికి మాటలు రాక అరుస్తారు, నీ మీద కోపంతో కాదు అని. వాడు చెవులు మూసుకుంటే కాస్త దూరం జరిగి టీచర్‌ని పిలవమనండి. టీచర్‌తో మీరు కూడా మాట్లాడండి, "ఆ బాబుని తీసేయండి" అని కాదు, ఏ సమయంలో అలా జరుగుతోంది, అప్పుడు గదిలో చప్పుడు తగ్గించగలరా అని. ఆటకి బలవంతం వద్దు. ఇద్దరికీ ఇష్టమైనది ఒకటి ఉంటుంది, ఆడుకునే బ్లాకులో, నీళ్లో, ఇసకో, పక్కపక్కన కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకున్నా అది స్నేహానికి మంచి మొదలే. అందరితో ప్రాణస్నేహం మనం పెద్దవాళ్లమే చేయలేం కదా. ఎవరినీ ఆటలోంచి వెళ్లగొట్టకూడదు, ఎగతాళి చేయకూడదు, ఆ రెండూ మాత్రం గట్టిగా పట్టుకోండి.

(ఒక నాన్న) ఇంట్లో పెద్దవాళ్లే పిల్లల ముందు అలాంటి మాటలు అంటారండి. ఎదురు చెప్తే గొడవ, ఊరుకుంటే పిల్లలు నేర్చుకుంటారు.

కష్టమే. అందరి ముందు నానమ్మని తప్పు పట్టి పాఠం చెప్తే ఆవిడ పట్టుదలకి పోతుంది, పిల్లలకి గుర్తుండేది గొడవే. అలాగని ఊరుకోవద్దు. అక్కడికక్కడ, కోపం లేకుండా, ఒక్క వాక్యం. "నేనలా అనుకోనమ్మా, నాకు తెలిసిన వాళ్లలో ఎంతోమంది అలా లేరు." అంతే చాలు, ఈ ఇంట్లో ఇంకో అభిప్రాయం కూడా ఉందని పిల్లలకి తెలుస్తుంది. ఆ రాత్రి పడుకునేటప్పుడు అడగండి, "నానమ్మ అన్నది విన్నావు కదా, నీకేమనిపించింది?" అని. ముందు వాళ్లని చెప్పనివ్వండి. నానమ్మ చెడ్డదని మాత్రం అనొద్దు, ఆవిడకి అలాంటివాళ్లతో కలిసి మెలిసే అవకాశం రాలేదు, నీకు వచ్చింది అని చెప్పండి. వీలైతే ఆ అవకాశం ఆవిడకి కూడా కల్పించండి. మీ పిల్లల స్నేహితుల్ని ఇంటికి పిలిచినప్పుడు నానమ్మనీ వాళ్ల మధ్య కూర్చోబెట్టండి, కథ చెప్పమనండి.